సీనియర్ డాక్టర్ గొంతు

వీరన్న ప్రాణం పోయింది ఓడ దగ్గర కాదు, ఆసుపత్రిలో ఎక్స్‌రే గది బయట. ఆ సంగతి అతని చెల్లెలు దేవికి మొదటి నుంచీ తెలుసు. ఎందుకు పోయిందో మాత్రం చాలా ఏళ్లకి గానీ తెలియలేదు.

తొంభై ఆరులో వాళ్లు పోర్టు పక్కనున్న మల్కాపురంలో ఉండేవారు. తండ్రి సముద్రం మీదికి వేటకెళ్లే మనిషి. తాగి తాగి లివరు పాడై పోయాడు. ఆ చావు దగ్గరుండి చూసిన వీరన్న వలా వద్దు, సీసా వద్దు అనుకుని పోర్టులో ఓడలకి సరుకెక్కించే కళాసీగా చేరాడు. పెళ్లిళ్లలో కూడా సోడా తాగి వచ్చేవాడు. తోటివాళ్లు ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు. చెల్లెలు డిగ్రీ చదువుతోందని మాత్రం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకునేవాడు.

ఆ రోజు పొద్దున్న అతను మొలాసిస్ పైపులు కడిగాడు. పంచదార ఫ్యాక్టరీల నుంచి ఓడలకెక్కించే నల్లటి మడ్డి అది, పులిసిన బెల్లంలా కంపు కొడుతుంది. బట్టలు మార్చుకోకుండానే ఇనప రేకులు ఎక్కించే పనికి వెళ్లాడు. క్రేను గొలుసు జారి, రేకుల కట్ట ఊగి వచ్చి అతని ఎడమ డొక్కలో కొట్టింది. నెత్తురు పెద్దగా రాలేదు. తనే లేచి నిలబడ్డాడు కూడా. అన్నకి క్యారేజీ తెచ్చి గేటు దగ్గర నిలబడ్డ దేవి, తోటి కళాసీలు అతన్ని ఎక్కించిన ఆటోలోనే ఎక్కి ఆసుపత్రికి వెళ్లింది.

డ్యూటీలో ఉన్న డాక్టరు పేరు తిరుమలరావు. కుర్రవాడు, ఇస్త్రీ నలగని కోటు. స్టెతస్కోపు మెడలోనే ఉంది, చేతిలోకి రాలేదు. దూరం నుంచే ముక్కు చిట్లించి, "ముందు ఎక్స్‌రే తీయించుకురండి" అన్నాడు.

ఎక్స్‌రే గది ముందు పెద్ద వరసుంది. స్ట్రెచరు మీద వీరన్న మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. పెదాలు నీలం తిరిగాయి.

"దేవీ, ఊపిరాడ్నేదే. డాక్టరుబాబుకి సెప్పవే" అన్నాడు.

దేవి పరిగెత్తింది. డాక్టరు టీ తాగుతున్నాడు. "ఎక్స్‌రే లేకుండా నా దగ్గరికి రావద్దు" అన్నాడు. వెనక్కి వచ్చేసరికి అన్న ఊపిరి కోసం అరుస్తున్నాడు, మళ్లీ పరిగెత్తింది. ఈసారి ఆయనకి చిరాకొచ్చింది. "తాగొచ్చిన వాళ్లకి ఇదే పని. కంపు కొడుతున్నాడు, అవతల కూర్చోబెట్టండి. ఊపిరాడకపోతే అంత గట్టిగా అరుస్తాడా?" అన్నాడు.

దేవి తిరిగి వెళ్లేసరికి అన్న అరవడం లేదు.

తర్వాత వచ్చిన కానిస్టేబుల్‌తో డాక్టరు ఒకే ముక్క చెప్పాడు, మనిషి బాగా తాగి ఉన్నాడని. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో, మద్యం మత్తులో ఉన్న కళాసీ మృతి అని వేశారు. వీరన్న తల్లి పోతమ్మ జెట్టీ దగ్గర చేపలు కొని గంపలో అమ్ముకునేది. అక్కడ ఎవరితో మాటా మాటా వచ్చినా చివరికి అవతలి మనిషి "తాగుబోతోడి పెళ్లానివి, తాగుబోతోడి తల్లివి" అనేది. మొగుడి గురించి అంటే పోతమ్మ పడేది. కొడుకు గురించి అంటే గంప విసిరేసేది. రానురాను జెట్టీకి వెళ్లడమే మానేసి ఇంటి దగ్గర ఎండుచేపలు అమ్ముకోసాగింది.

దేవి ట్యూషన్లు చెప్పుకుంటూ చదువు పూర్తి చేసింది, కంప్యూటర్లు నేర్చింది. రెండువేల పదిహేడు నాటికి నగరంలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తోంది. క్రేను తోలేవాళ్లకి నిజం క్రేను ఎక్కించే ముందు కంప్యూటర్‌లో తర్ఫీదు ఇచ్చే ప్రోగ్రాములు ఆ కంపెనీ చేసేది. ఆ పనే కావాలని ఎందుకు వెతుక్కుందో దేవి ఎవరికీ చెప్పలేదు.

ఒకనాడు కంపెనీ యజమాని శ్రీరామ్మూర్తి కొత్త పని తెచ్చాడు. దువ్వాడ దాటాక కొత్తగా లేచిన ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ వాళ్లు, హౌస్ సర్జన్లకి ప్రాణాపాయం కేసుల్లో తర్ఫీదు ఇవ్వడానికి ఇలాంటిదే కావాలన్నారు. కళ్లకి పెద్ద హెడ్‌సెట్ తగిలించుకుంటే చుట్టూ క్యాజువాలిటీ కనిపించాలి, మంచం మీద రోగి మూలగాలి, కుర్ర డాక్టరు సరిగ్గా చేస్తే బతకాలి, లేకపోతే పోవాలి.

"బొమ్మ మనిషి పోయినా పరవాలేదు కదా. అదే దీని గొప్ప" అన్నాడు శ్రీరామ్మూర్తి హుషారుగా.

కాలేజీలో మొదటి మీటింగుకి ఎమర్జెన్సీ విభాగం హెడ్ ఆలస్యంగా వచ్చాడు. కుర్చీ లాక్కుంటూ, "ముందు టీ చెప్పండి" అన్నాడు. దేవి తలెత్తకముందే గుర్తుపట్టింది. జుట్టు పలచబడి, పొట్ట వచ్చింది గానీ గొంతు మారలేదు. తిరుమలరావు ఆమెని చూసి తలాడించాడు. గుర్తుపట్టలేదు. గుర్తుంచుకోవడానికి ఆయన ఆ రోజు ఆమె ముఖం చూస్తే కదా.

ఆ రాత్రి దేవికి నిద్రపట్టలేదు. అయినా అప్పటికి ఆమెకి ఉన్నది తాగుబోతని అన్నందుకు కోపమే. అన్నకి తగిలిన దెబ్బే అలాంటిదని, ఎవరున్నా బతకడనీ అనుకుంటూ వచ్చింది.

కేసులు తయారుచేసే పని తిరుమలరావు తన మీద పెట్టుకోలేదు. యశస్విని అనే కుర్ర డాక్టరుని సాయం ఇచ్చి, "మీరిద్దరూ చూసుకోండి, చివర్లో నేను సంతకం పెడతాను" అన్నాడు. యశస్విని ఓపిగ్గా ఒక్కో కేసూ బొమ్మలు గీసి చెప్పేది. గుండెపోటు, పాముకాటు, పురుగుమందు. ఒక మధ్యాహ్నం ఛాతీ దెబ్బల దగ్గరికి వచ్చారు.

"పక్కటెముక విరిగి ఊపిరితిత్తికి గుచ్చుకుందనుకోండి. పీల్చిన గాలి ఛాతీలోకి కారి లోపలే ఉండిపోతుంది, బయటికి రాదు. ఊపిరి తీసిన ప్రతిసారీ ఇంకాస్త చేరి గుండెని పక్కకి నొక్కేస్తుంది. మెడ నరాలు ఉబ్బుతాయి, పెదాలు నీలమవుతాయి" అంది యశస్విని.

దేవి చేతిలో పెన్ను ఆగింది. "అప్పుడేం చేయాలి?"

"కాలరు ఎముక కింద లావుపాటి సూది గుచ్చాలి. బుస్సుమని గాలి బయటికొస్తుంది. మనిషి కళ్లముందే తేరుకుంటాడు. చాలా తేలిక. కష్టమల్లా కనిపెట్టడమే. ఎక్స్‌రే కోసం పంపితే మాత్రం దారిలోనే పోతాడు. మాకు పరీక్షల్లో ఇదే అడుగుతారు."

దేవి బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఒక సూది. ఏ వార్డులోనైనా ట్రేలో పడి ఉండే సూది. ముఖం కడుక్కుని బయటికి వచ్చేసరికి ఆమె మనసులో కోపం పోయి మరొకటి వచ్చి కూర్చుంది. ఆయన్ని పదిమందిలో పడగొట్టాలి. అది తప్ప ఇంకేదీ తనకి అక్కర్లేదనుకుంది.

ప్రారంభోత్సవం రోజున మొదటి కేసు తిరుమలరావే చేసి చూపిస్తాడని డీన్‌గారు ప్రకటించారు. ఆయనకి గుండెపోటు కేసు అని చెప్పారు. దేవి దాన్ని మార్చేసింది. రోగికి ఖాకీ నిక్కరు, మడ్డి మరకల బనీను తొడిగింది. ఇంట్లో గోడకున్న ఫోటో చూసి వీరన్న ముఖం చెక్కింది. గొంతు తన మేనబావ సింహాద్రిది. "ఏటే దేవీ, ఎందుకీ మాటలు?" అని అడక్కుండా అతను రికార్డు చేసి ఇచ్చాడు. రాసిచ్చిన మొదటి మాట చదవగానే అతనికి అర్థమైపోయింది.

హాలు నిండా డాక్టర్లు, విలేకరులు. తిరుమలరావు హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. ఆయనకి కనిపించేదంతా వెనక పెద్ద తెర మీద అందరికీ కనిపిస్తోంది. "ఊపిరాడ్నేదు డాక్టరుబాబూ" అన్నాడు తెర మీద వీరన్న. దేవి గుప్పెళ్లు బిగించి చూస్తోంది. అను, ఎక్స్‌రే అను.

తిరుమలరావు ఒక్క క్షణం ఆగాడు. స్టెతస్కోపు పెట్టాడు. మెడ చూశాడు. సూది అందుకుని కాలరు ఎముక కింద గుచ్చాడు. బుస్సుమని చప్పుడైంది. వీరన్న గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. దేవికి అర్థమైంది. నేర్చుకున్నాడు. అన్న ప్రాణం పోగొట్టి, తర్వాత తీరిగ్గా నేర్చుకున్నాడు.

అంతటితో ఆగినా ఆమె ఊరుకునేదేమో. తిరుమలరావు మైకు పుచ్చుకున్నాడు. "అచ్చం ఇలాంటి కేసే నా తొలి రోజుల్లో వచ్చింది. హార్బరు కళాసీ. పీకలదాకా తాగి ఉన్నాడు. అందరూ ఎక్స్‌రే అన్నారు. నేను మాత్రం ఒప్పుకోలేదు, అక్కడికక్కడే సూది గుచ్చాను. నడిచి ఇంటికెళ్లాడు" అన్నాడు. మళ్లీ చప్పట్లు.

అక్కడే లేచి అరవాలనిపించింది దేవికి. అరిస్తే సాక్ష్యం ఏదంటారు. పిచ్చిదంటారు, శ్రీరామ్మూర్తి ఉద్యోగం ఊడబీకుతాడు, ఆయన మర్నాడు అదే కథ మరొక సభలో చెప్పుకుంటాడు. ఆమె కూర్చునే ఉంది. టీ ఇచ్చే వేళకి లేచి, డీన్‌గారూ తిరుమలరావూ నిలబడ్డ చోటికి నవ్వు ముఖంతో వెళ్లింది.

"సార్ చెప్పిన కేసునే అందరికీ తప్పనిసరి చేద్దామండి. అందులో ఒక సీనియర్ డాక్టర్ పాత్ర పెడదాం. పక్కనే ఉండి తప్పుడు ఆర్డర్లు ఇస్తుంటాడు. కుర్ర డాక్టర్లు ఆయన మాట కాదని సూది గుచ్చగలగాలి. పెద్దవాళ్లని కాదనడమే కదా వాళ్లకి కష్టం" అంది.

డీన్‌గారికి అది బాగా నచ్చింది.

"ఆ గొంతు సార్‌దే అయితే బాగుంటుందండి. సార్ అంటే అందరికీ భయం" అంది దేవి.

తిరుమలరావు నవ్వాడు. "సరేనమ్మా, మన కాలేజీ కోసం ఆ మాత్రం చేయలేనా?" అన్నాడు.

వారం తిరక్కుండా రికార్డింగు పెట్టింది. చిన్న అద్దాల గది. ఆయన లోపల మైకు ముందు, ఆమె బయట. కాగితం మీద మాటలు రాసిచ్చింది. ఆయన గొంతు సవరించుకుని చదివాడు.

"ముందు ఎక్స్‌రే తీయించుకురండి."

"బాగుంది సార్. ఇంకొంచెం చిరాగ్గా."

"ఎక్స్‌రే లేకుండా నా దగ్గరికి రావద్దు."

"అచ్చం అలాగే సార్."

"తాగొచ్చిన వాళ్లకి ఇదే పని. కంపు కొడుతున్నాడు, అవతల కూర్చోబెట్టండి. ఊపిరాడకపోతే అంత గట్టిగా..."

అక్కడ ఆగిపోయాడు. కాగితాన్ని పైనుంచి మళ్లీ చదువుకున్నాడు. తలెత్తి అద్దంలోంచి ఆమెని చూశాడు. ఆయన ఆమె ముఖం సరిగ్గా చూడటం అదే మొదటిసారి.

"ఈ మాటలు ఎవరు రాశారు?"

"నేను రాయలేదు సార్. మీరన్నవే. నేను గుర్తుపెట్టుకున్నానంతే."

"ఎవరు నువ్వు?"

"స్ట్రెచరు మీద ఉన్నవాడి చెల్లెల్ని. మీ దగ్గరికి రెండుసార్లు పరిగెత్తుకొచ్చాను. మీరు టీ తాగుతున్నారు."

తిరుమలరావు బయటికి వచ్చాడు. "అది చెరిపెయ్" అన్నాడు.

"ఎందుకో డీన్‌గారికి చెప్పండి, ఆయన చెప్పగానే చెరిపేస్తాను. అయినా మీకేం ఇబ్బంది సార్? ఆ కళాసీని మీరు బతికించారు కదా. నడిచి ఇంటికెళ్లాడు కదా."

ఎక్స్‌రేకి పంపానని చెబితే, పేపర్లకెక్కిన ఆ రక్షించిన కథ అబద్ధమని ఒప్పుకోవాలి. చెప్పకపోతే గొంతు అందులో ఉండిపోతుంది. తిరుమలరావు కాగితం అక్కడే పడేసి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం బస్సులో దేవి కిటికీలోంచి బయటికి చూస్తూ పైకే నవ్వింది. పక్కనావిడ అనుమానంగా సర్దుకుని కూర్చుంది.

ఆపైన ప్రతి బ్యాచ్‌లోని హౌస్ సర్జనూ వీరన్న మంచం పక్కన నిలబడాల్సి వచ్చింది. చెవిలో తిరుమలరావు గొంతు ఎక్స్‌రే ఎక్స్‌రే అని విసుక్కుంటూ ఉంటుంది. ఆ మాట విన్నవాడి చేతిలో వీరన్న పోతాడు. వినకుండా సూది అందుకున్నవాడి చేతిలో బతుకుతాడు. కుర్రవాళ్లు కుర్రవాళ్లే. నెల తిరక్కుండా క్యాంటీన్లో ఆయన్ని అనుకరించడం మొదలైంది. ఎవరైనా టీ ఆలస్యం చేస్తే "ఎక్స్‌రే లేకుండా నా దగ్గరికి రావద్దు" అని ఆయన గొంతుతో అనేవారు. రౌండ్స్‌లో ఆయన నిజంగా ఎక్స్‌రే రాయమంటే జూనియర్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకునేవారు. ఆయన నిజంగా సరైన మాట చెప్పినా ఒక్క క్షణం ఆగి ఆలోచించేవారు. దేవి పని పేరుతో వారానికోసారి కాలేజీకి వెళ్లి ఇవన్నీ యశస్విని నోట వింటూ ఉండేది. ఆకలి మీదున్నవాళ్లకి అన్నం పెట్టినట్టుండేది.

ఒకనాడు అచ్యుతాపురం రోడ్డు మీద లారీకీ గోడకీ మధ్య నలిగిన ఒక క్లీనరుని తెచ్చారు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. తిరుమలరావు గదిలోంచి వస్తూ "ఎక్స్‌రే..." అని నోరు తెరిచాడు. ఏమనబోయాడో ఎవరికీ తెలియదు. కాళ్లకి తీయించమనడానికే కావచ్చు. యశస్విని ఆయన వైపు తిరగనైనా తిరక్కుండా సూది గుచ్చేసింది. క్లీనరు బతికాడు. చుట్టూ ఉన్న నర్సులు, హౌస్ సర్జన్లు నవ్వు ఆపుకోవడం తిరుమలరావు చూశాడు. తర్వాతి నెలలో రాజీనామా ఇచ్చి, వేరే జిల్లాలో ఏదో నర్సింగ్ హోములో చేరుతున్నాడని తెలిసింది.

వెళ్లేముందు ఆదివారం పూట మల్కాపురం వచ్చాడు. వీధి మొదట్లో కారు ఆపి, అడ్రసు అడుగుతూ నడిచి వచ్చాడు. పోతమ్మ గుమ్మంలో ఎండుచేపలు ఏరుతోంది. దేవి బయటికి వచ్చి ఆగిపోయింది.

"ఎవులే?" అంది పోతమ్మ.

"అన్నియ్యని సూసిన డాక్టరేనమ్మా. ఎక్స్‌రే డాక్టరు."

పోతమ్మ చేతులు ఆగాయి.

తిరుమలరావు నిలబడే మాట్లాడాడు. "నేను వెళ్లిపోతున్నాను. ఇప్పటికైనా ఆ గొంతు తీసెయ్యమ్మా. నా కొడుకు వచ్చే ఏడు మెడిసిన్‌లో చేరతాడు. వాడు కూడా వినాలా అది?" మళ్లీ తనే, "అప్పటికి నా హౌస్ సర్జన్సీ అయి ఏడాదే. ఇలాంటి కేసు ఒక్కటీ చూడలేదు. నాకెవరూ చూపించలేదు. నువ్వు చేసినటువంటి మెషిన్ ఆ రోజుల్లో లేదు" అన్నాడు.

అది నిజమని దేవికి తెలుసు. ఆ మాట ఆమెని ఒక్క నిమిషం పట్టి ఊపింది కూడా. "సూది గుచ్చడం మీకెవరూ నేర్పలేదు సార్, ఒప్పుకుంటాను. మరి తాగుబోతని పోలీసులకి చెప్పడం ఎవరు నేర్పారు?" అంది.

ఆయన తల దించుకున్నాడు. "వాసన వచ్చింది. అలా అంటే నా మీదికి రాదనుకున్నాను."

పోతమ్మ లేచింది. చీర చెంగుతో చేతులు తుడుచుకుని ఆయనకి ఎదురుగా వచ్చి నిలబడింది. "నా కొడుకు తాగినాడా బాబూ?"

"లేదమ్మా" అన్నాడాయన మెల్లగా.

"నాకు సెప్తే ఏటి లాభం? నాకు తెల్దేటి? అదిగో, కుళాయి కాడ ఉన్నారు సూడు, ఆలకి సెప్పు. ఈదంతా ఇనపడాల."

కుళాయి దగ్గర బిందెలతో ఉన్న ఆడవాళ్లు అప్పటికే ఇటు చూస్తున్నారు. తిరుమలరావు కారు వైపు చూశాడు. అది దూరంగా ఉంది. చివరికి వాళ్ల వైపు తిరిగాడు.

"వీరన్న తాగలేదు. నేనే అబద్ధం చెప్పాను" అన్నాడు.

"గట్టిగా" అంది పోతమ్మ.

గట్టిగా చెప్పాడు. ఎదురింటి నూకాలు, జెట్టీలో ఒకప్పుడు ఆ మాట అన్నవాళ్లలో ఒకతె, బిందె కింద పెట్టి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తిరుమలరావు దేవి వైపు తిరిగి, "మరి... తీసేస్తావు కదా?" అన్నాడు. దేవి జవాబు చెప్పలేదు. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు కాబోలు, దండం పెట్టి వెళ్లిపోయాడు.

పోతమ్మ ఆ పూట చాలా ఏళ్ల తర్వాత కడుపునిండా తిని, గుమ్మంలోనే కునుకు తీసింది. సాయంత్రం కూతురితో, "ఒగ్గెయ్యే ఇంక. ఈదిలో నిలబడి సెప్పినాడు గదా. ఆడికీ ఓ కొడుకున్నాడట" అంది.

"నీకు సాలినట్టుందమ్మా" అంది దేవి.

"నీకు సాల్లేదేటి?"

దేవి గుమ్మంలోని ఎండుచేపలు ఎత్తి లోపల పెట్టింది. తల్లికి కొడుకు పేరు తిరిగి వచ్చింది. తనకి మాత్రం స్ట్రెచరుకీ టీ గ్లాసుకీ మధ్య పరిగెత్తిన ఆ వరండా అలాగే ఉంది.

మర్నాడు కాలేజీకి వెళ్లి ఆ గొంతు ఉన్న ఫైళ్లు తెరిచింది. చెరపడానికి ఒక్క మీట నొక్కితే చాలు. బయట కొత్త బ్యాచ్ హౌస్ సర్జన్లు గోలగోలగా వరసలో నిలబడుతున్నారు. పిల్లలు నేర్చుకోవాలంటే ఆ గొంతు ఉండాలి, వేరే ఎవరి గొంతైనా ఇంత నిజంగా ఉండదు అనుకుంది. అది అబద్ధం కాదు. ఉండాలని తనకుంది, అదీ అబద్ధం కాదు. రెంటిలో ముందుది ఏదో ఆమెకి బాగా తెలుసు.

ఫైలు మూసేసి తలుపు తెరిచింది. మొదట నిలబడ్డ అమ్మాయికి హెడ్‌సెట్ తగిలించి, వెనక పట్టీ బిగిస్తూ, "లోపల ఒక పెద్ద డాక్టరు ఉంటాడు. ఆయన చెప్పేది వినకు" అంది.